ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడికే మాటలు వచ్చాయి: వంశమా, పెంపకమా?

కేఆర్‌పురం కవలలమ్మ | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాకు కవల మగపిల్లలు. రెండేళ్ల నాలుగు నెలలు. పెద్దోడికీ చిన్నోడికీ తేడా రెండు నిమిషాలు. పుట్టినప్పుడు పెద్దోడు 2.3 కిలోలు, చిన్నోడు 1.8. చిన్నోడు పదకొండు రోజులు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉన్నాడు కాబట్టి మా భయమంతా వాడి గురించే. తీరా చూస్తే ఆ చిన్నోడే పొద్దున్నే కిటికీ ఊచలు పట్టుకుని "నాన్న ఆఫీస్ పోయాడు, బండి లేదు, కుక్క ఉంది" అని కింద జరిగేదంతా నాకు చెప్తున్నాడు. పెద్దోడు ఏడెనిమిది మాటలు దాటడు. ఏం కావాలన్నా నా చూపుడు వేలు పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. చెప్పింది మాత్రం బాగా అర్థమవుతుంది. చెప్పులు తెమ్మంటే నావి నాకు, వాళ్ల నాన్నవి నాన్నకి తెచ్చిపెడతాడు.

మా అత్తగారు "మీ పుట్టింటి పోలిక, మీ తమ్ముడికి నాలుగేళ్ల దాకా మాటలు రాలేదట కదా" అంటున్నారు. మా ఆయన నా ఫోన్ వల్ల అంటాడు. మా అమ్మేమో ఇంట్లో తెలుగు, పనమ్మాయితో కన్నడ, డేకేర్‌లో ఇంగ్లీషు, పక్క ఫ్లాట్ పిల్లలతో హిందీ, ఇన్ని భాషలు పెడితే వాడు ఏది పలుకుతాడే అంటుంది. ముగ్గురు మూడు కారణాలు చెప్పారు, మూడింట్లోనూ ముద్దాయిని నేనే.

నిన్న ఎక్కడో చదివాను, కవలల మీద పరిశోధనలు చేసి ఏది వంశపారంపర్యమో ఏది పెంపకమో తేల్చేశారని, సగం సగం అని. మావాళ్లు ఐడెంటికల్ కాదు. మాయలు (ప్లాసెంటాలు) రెండు ఉన్నాయి కాబట్టి కాదని స్కానింగ్‌లోనే చెప్పారు. మరి మా ఇంట్లోనే ఆ ప్రయోగం నడుస్తున్నట్టు కదా? ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే అమ్మ. అయినా తేడా వచ్చిందంటే అది జన్యువుల వల్లేనా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | శనివారం రాత్రి 11:41

చిన్నోడు సందు ఇస్తే కదండీ పెద్దోడు మాట్లాడటానికి! మా ఇంట్లో కూడా నాకు ఇదే సమస్య.

సరే, సీరియస్‌గా అడిగారు కాబట్టి నేను పక్కకి జరుగుతున్నా. మాస్టారు పొద్దున్నే లేస్తారు, ఆయన చూసుకుంటారు.

లెక్కల మాస్టారు | ఆదివారం ఉదయం 6:10

అమ్మా, ముందు నీ ఆఖరి ప్రశ్నకి జవాబు. కాదు. ఒక్క జంటని చూసి ఎవరూ తేల్చలేరు. ఎందుకో చెప్తాను.

ఈ పద్ధతి కిటుకు కవలలిద్దర్నీ ఒకరితో ఒకర్ని పోల్చడంలో లేదు, రెండు రకాల కవలల్ని పోల్చడంలో ఉంది. ఫలదీకరణ అయిన ఒకే అండం రెండుగా చీలితే ఐడెంటికల్. ఇద్దరి జన్యువులూ దాదాపు ఒకటే. రెండు అండాలు విడివిడిగా నిలబడితే ఫ్రాటర్నల్. వాళ్లు ఒకేసారి పుట్టిన మామూలు తోబుట్టువులు, మనిషికీ మనిషికీ తేడా ఉండే జన్యువుల్లో సగటున సగం పంచుకుంటారు. రెండు రకాలవాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే వయసులో పెరుగుతారు. అలాంటప్పుడు ఏదో ఒక గుణంలో ఐడెంటికల్ జంటలు ఫ్రాటర్నల్ జంటలకంటే ఎక్కువ కలుస్తుంటే, ఆ ఎక్కువ ఎక్కడిది? జన్యువుల్లో ఉన్న ఆ సగం తేడాది. సగానికి అంత అయితే మొత్తానికి రెట్టింపు. అంతే సూత్రం. దీన్ని ఫాల్కనర్ అనే శాస్త్రవేత్త పేరు మీద పిలుస్తారు.

ఎత్తు తీసుకో. పోలికే లేకపోతే 0, అచ్చం ఒకటే అయితే 1 అని కొలుస్తారు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఐడెంటికల్ జంటల పోలిక 0.9, ఫ్రాటర్నల్ జంటలది 0.5 అనుకుందాం. తేడా 0.4, రెట్టింపు చేస్తే 0.8. అంటే ఎత్తులో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో 80 శాతం జన్యువుల తేడాతో ముడిపడినవి. ఐడెంటికల్ అయ్యుండీ 1 రాకుండా 0.9 దగ్గర ఆగింది కదా, ఆ తగ్గిన 0.1 ఎవరికి వారికి విడిగా జరిగినవి, కొలతలో వచ్చిన పొరపాట్లతో సహా. మిగిలిన 0.1 ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఇంటిది.

ఇక్కడే అందరూ కాలుజారతారు. "మనుషుల మధ్య తేడాల్లో 80 శాతం" అన్నాను. "నీ ఎత్తులో 80 శాతం" అనలేదు. ఐదున్నర అడుగుల మనిషిలో నాలుగడుగుల చిల్లర జన్యువులదీ, పైనున్న అడుగు పాలూ గుడ్లదీ అని అర్థం కాదు. వందలాది జంటలు ఉంటేనే ఈ అంకెకి ఊపిరి. నీ ఇద్దరికీ అది వర్తించదు.

ఆలోచన మొదలైంది 1875లో, డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ దగ్గర. కానీ రెండు రకాల కవలల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం 1924లో కుదిరింది. హెర్మన్ సీమెన్స్ అని జర్మనీ చర్మవైద్యుడు కవలల ఒంటి మీద పుట్టుమచ్చలు లెక్కపెట్టాడు. బుద్ధి, గుణం లాంటి పెద్ద విషయాలేమీ కాదు. పుట్టుమచ్చలు! నాకు ఆయన మీద అందుకే గౌరవం, లెక్కపెట్టగలిగినదాన్ని లెక్కపెట్టాడు.

అనంతపురం అబ్బాయి | ఆదివారం ఉదయం 9:32

మాస్టారూ, సూత్రం బాగుంది కానీ దాని పునాదిలో ఒక నమ్మకం దాగుంది. రెండు రకాల కవలలకీ ఇంటి వాతావరణం ఒకే మోతాదులో ఉమ్మడి అని. నిజంగా అంతేనా? ఐడెంటికల్ పిల్లలకి ఒకే రంగు చొక్కాలు కుట్టిస్తారు, ఒకే బెంచీలో కూర్చోబెడతారు, ఒకడిని కొట్టాల్సింది ఇంకొకడిని కొడతారు. వాళ్లు ఎక్కువ పోలి ఉండటానికి అది కూడా కారణం కావచ్చు కదా. ఆ భాగాన్ని కూడా మీరు జన్యువుల ఖాతాలో రాస్తున్నారు.

ఇంకోటి. ఈ రంగంలో పెద్దపెద్దవాళ్ల అంకెలే నమ్మడానికి లేకుండా పోయాయి. ఇంగ్లండ్‌లో సిరిల్ బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడివిడిగా పెరిగిన ఐడెంటికల్ కవలల తెలివి మీద రాశాడు. 1966 నాటికి 53 జంటలన్నాడు. అంతకుముందు తక్కువ జంటలతో వేసిన లెక్కలోనూ పోలిక 0.771, జంటలు పెరిగాక కూడా అదే 0.771. మూడో దశాంశం దాకా కదల్లేదు! ఆయన పోయాక 1974లో లియాన్ కామిన్ దీన్ని పట్టుకున్నాడు. మన దగ్గర డిగ్రీ పిల్లలు ప్రాక్టికల్ రికార్డు పక్కోడిది చూసి రాసినా ఇంకొంచెం జాగ్రత్త పడతారు.

హెబ్బాళ్ ల్యాబ్ పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 1:05

నేను బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ముందు అక్క చెప్పిన దాంట్లో ఒక తప్పు సరిచేయాలి, మిగతా చర్చ దాని మీదే ఆధారపడింది.

అక్కా, రెండు మాయలు ఉంటే ఐడెంటికల్ కాదు అన్నది నిజం కాదు. ఐడెంటికల్ కవలల్లో సుమారు మూడో వంతు జంటలకి రెండు మాయలే ఉంటాయి. అండం మొదటి రెండు మూడు రోజుల్లోనే చీలిపోతే రెండు ముక్కలూ గర్భసంచిలో విడివిడిగా అతుక్కుంటాయి, దేని మాయ దానికే వస్తుంది. ఆలస్యంగా చీలితే ఒకే మాయ. ఒకే మాయ ఉంటే దాదాపు ఖాయంగా ఐడెంటికల్ అనొచ్చు. రెండు ఉంటే, అందులోనూ ఇద్దరూ మగపిల్లలే అయితే, ఎటూ చెప్పలేం. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి డీఎన్‌ఏ పరీక్ష చేస్తేనే తేలుతుంది. స్కానింగ్ రిపోర్టులో "డైకోరియానిక్" (అంటే విడివిడి మాయలు) అని చూసి నోటిమాటగా "ఐడెంటికల్ కాదమ్మా" అనేయడం మామూలే. మా అత్త కూడా అదే నమ్మకంతో పద్నాలుగేళ్లు గడిపింది.

మీవాళ్లు చూడ్డానికి ఎలా ఉంటారు?

ఇప్పుడు అనంతపురం అన్నకి. మీ ప్రశ్న న్యాయమైనదే, పరిశోధకులు దాన్ని వదిలేయలేదు. కొంతమంది తల్లిదండ్రులు తమ పిల్లలు ఏ రకం కవలలో తప్పుగా అనుకుంటారు, ఇదిగో అక్కలాగే. అమెరికాలో సాండ్రా స్కార్ అనే పరిశోధకురాలు అలాంటి కుటుంబాలనే చూసింది. ఫ్రాటర్నల్ పిల్లల్ని ఐడెంటికల్ అనుకుని పెంచినా వాళ్ల పోలిక అసలు జన్యు సంబంధం వైపే మొగ్గింది, ఇంట్లో నమ్మకం వైపు కాదు. మీ అనుమానం దీంతో పూర్తిగా తీరదు, కానీ ఒకే రంగు చొక్కాలు మోయగలిగిన బరువు మీరనుకున్నంత కాదు.

బర్ట్ అంకెల్ని తీసి చెత్తబుట్టలో వేసినా ఈ రంగం కూలిపోదు. 2015లో అంతకుముందు యాభై ఏళ్ల కవలల అధ్యయనాల్ని ఒకచోట చేర్చారు. 2,748 పరిశోధనా పత్రాలు, 17,804 గుణాలు, కోటీ నలభై లక్షలకి పైగా కవల జంటలు. అన్నిటి సగటు చూస్తే జన్యువుల వాటా 49 శాతం. అక్క చదివిన "సగం సగం" బహుశా ఇక్కడిదే. కానీ అది కళ్ల జబ్బు నుంచి మనస్తత్వం దాకా అన్నీ కలిపేసిన సగటు. బెంగళూరులో ఉన్న వాహనాలన్నిటి సగటు చక్రాలు ఎన్ని అంటే ఎంత ఉపయోగమో ఇదీ అంతే.

కేఆర్‌పురం కవలలమ్మ | ఆదివారం మధ్యాహ్నం 2:48

అమ్మాయ్, నువ్వు చెప్పింది చదివి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూశాను. చెవులు ఒకటే. కుడి కనుబొమ్మ చివర్లో సుడి ఇద్దరికీ ఉంది. పెద్దోడి బుగ్గలు లావు, చిన్నోడి మొహం కోల. పుట్టినప్పుడు అరకిలో తేడా ఉంది కాబట్టి మాకు ఎప్పుడూ ఒకటిగా అనిపించలేదు. కానీ డేకేర్ ఆంటీ మాత్రం కలగాపులగం చేసేస్తుంది. "ఒకరికి ఎర్ర సాక్సులు, ఒకరికి నీలం వేసి పంపండి" అని ఆవిడే అడిగింది. నేను ఆవిడకి కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను!

ఇద్దరిదీ బీ పాజిటివ్.

మాటల టీచర్ | ఆదివారం సాయంత్రం 5:20

నేను జయనగర్‌లో స్పీచ్ థెరపిస్ట్‌ని. జన్యువుల సంగతి తర్వాత, ముందు పని చెప్తాను. వినికిడి పరీక్ష చేయించారా? పిలిస్తే పలుకుతున్నాడు, చెప్పులు తెస్తున్నాడు అని సరిపెట్టుకోవద్దు. చెవిలో నీరు చేరితే కొంత వినిపిస్తుంది, కొంత వినిపించదు, పిల్లాడు మన చేతుల్ని చూసి లాగించేస్తాడు. ఈ వారమే చేయించండి. ఇక్కడ బెంగళూరులోనే నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. మైసూరు వెళ్లగలిగితే ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. రెండేళ్లకి మేం చూసేది సుమారు యాభై మాటలు, రెండు మాటలు కలిపి పలకడం. మీవాడు అది దాటలేదు కాబట్టి "మగపిల్లలకి ఆలస్యమేలే" అని కూర్చోవద్దు.

మీ అమ్మగారికి చెప్పండి, నాలుగు భాషలు వినడం వల్ల మాటలు ఆగవు. లెక్క మాత్రం నాలుగూ కలిపి వేయాలి. "నీళ్లు", "వాటర్", "పానీ" మూడూ అంటే మూడు మాటలు. పనమ్మాయి దగ్గర ఏమంటాడో అడిగి రాసుకోండి, మీకు తెలియని మాటలు నాలుగు బయటపడతాయి.

కవలలకి మాటలు మామూలు పిల్లలకంటే సగటున కొంచెం ఆలస్యం అవడం కూడా తెలిసిన సంగతే. అమ్మకి ఉన్న రెండు చెవులూ ఒక నోరూ ఇద్దరికి పంచాలి.

ఇక మీరు అడిగిన దానికి సరిగ్గా సరిపోయే అధ్యయనం ఒకటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994 నుంచి 1996 మధ్య పుట్టిన కవలల్ని రాబర్ట్ ప్లోమిన్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన బృందం చిన్నప్పటి నుంచి అనుసరిస్తోంది. 1998లో వాళ్లు 3,000కు పైగా జంటల రెండేళ్ల పిల్లల మాటలు లెక్క చూశారు. మామూలు పిల్లలందర్నీ తీసుకుంటే, ఎవరికెన్ని మాటలు వచ్చాయన్న తేడాలో జన్యువుల వాటా 25 శాతమే, ఉమ్మడి ఇంటి వాటా 69 శాతం. కానీ అందరికంటే వెనకబడిన 5 శాతం పిల్లల్ని విడిగా చూస్తే కథ తిరగబడింది. ఐడెంటికల్ జంటల్లో ఒకరు వెనకబడితే రెండోవాళ్లు కూడా వెనకబడటం 81 శాతం, ఫ్రాటర్నల్‌లో 42 శాతం. అక్కడ జన్యువుల వాటా 73 శాతానికి పోయింది. బాగా ఆలస్యమైన పిల్లలు కేవలం వరుసలో చివర నిలబడ్డ మామూలు పిల్లలు కాకపోవచ్చు, కారణమే వేరు కావచ్చు అన్నది దాని సారం.

లెక్కల మాస్టారు | ఆదివారం రాత్రి 8:02

టీచర్ గారి అంకెలు ముచ్చటగా ఉన్నాయి. సూత్రాన్ని వెనక్కి తిప్పితే 25, 69 రావాలంటే ఐడెంటికల్ పోలిక 0.94, ఫ్రాటర్నల్ పోలిక 0.82 దగ్గర ఉండాలి. రెండూ ఇంత ఎత్తులో ఉన్నాయంటే ఇంటి ప్రభావం నిజంగా గట్టిదే.

ఒక్క మెలిక. ఆ మాటల జాబితాలు నింపింది తల్లిదండ్రులే కదా, టీచర్ గారూ? ఒకే అమ్మ ఇద్దరి ఫారాలూ ఒకే విడతలో కూర్చుని నింపితే ఆవిడ చెయ్యి ఉదారమైనదైతే ఇద్దరికీ ఎక్కువ పడతాయి, పిసినారిదైతే ఇద్దరికీ తక్కువ. అది కూడా "ఉమ్మడి ఇల్లు" ఖాతాలోకే పోతుంది.

మాటల టీచర్ | ఆదివారం రాత్రి 8:30

నిజమే మాస్టారూ, తల్లిదండ్రులే నింపారు. 69లో కొంత ఆ చేతివాటం ఉండొచ్చు.

మన మూలాలు | ఆదివారం రాత్రి 10:15

మొత్తానికి సైన్సే ఒప్పుకుంది. అందుకే మన పెద్దలు వంశం చూసి పిల్లనిచ్చేవాళ్లు. తెలివి రక్తంలో ఉంటుంది, కొన్ని కులాలకి అది...

*[మిగతా భాగం తొలగించాం. ఏ కులం గురించీ ఇక్కడ తీర్పులు వద్దు. ఇంకోసారి రాస్తే ఖాతా మూసేస్తాం. – అడ్మిన్]*

అనంతపురం అబ్బాయి | ఆదివారం రాత్రి 10:51

అడ్మిన్ గారూ, తొలగించినందుకు థాంక్స్, కానీ జవాబు లేకుండా పోకూడదు.

జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో చెప్పిన పోలికని మా నేలకి తెస్తాను. ఒకే సంచిలోంచి రకరకాల రాగి గింజలు రెండు గుప్పిళ్లు తీయండి. ఒక గుప్పెడు కోలారులో నీళ్లున్న మడిలో, ఇంకో గుప్పెడు మా ఊరి గుట్ట కింద రాళ్లలో చల్లండి. మడిలో మొక్కకీ మొక్కకీ ఎత్తు తేడా ఉంటుంది. నేల, నీరు అన్నిటికీ ఒకటే కాబట్టి ఆ తేడా అంతా విత్తనానిది. రాళ్లలో కూడా అంతే. ఏ పొలంలో చూసినా జన్యువుల వాటా వంద శాతం. ఇప్పుడు రెండు పొలాల మధ్య తేడా ఎవరిది? పూర్తిగా నేలది. ఒక గుంపు లోపల కొలిచిన అంకె రెండు గుంపుల మధ్య తేడా గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇంకా ఈ ముచ్చట ఎక్కడికి దారితీస్తుందో చరిత్ర చూసేసింది. కవలల మీద మొదట రాసిన గాల్టనే 1883లో యూజెనిక్స్ (మేలైన వంశాల్నే పెంచాలనే వాదం) అన్న మాట పుట్టించాడు. అరవై ఏళ్లు తిరిగేసరికి నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలో మెంగెలే అనే డాక్టరు ప్రయోగాలకి కవల పిల్లల్ని ఏరి పక్కన నిలబెట్టుకున్నాడు.

హెబ్బాళ్ ల్యాబ్ పిల్ల | ఆదివారం రాత్రి 11:20

వంశం చూసి పిల్లనివ్వడం గురించి ఒక చిన్న మాట. ఫ్రాటర్నల్ కవలలు సగం పంచుకుంటారన్న లెక్క అమ్మానాన్నలు ఒకరికొకరు ఏమీ కానివాళ్లయితేనే సరిగ్గా కుదురుతుంది. మన మేనరికాల్లో ఆ సగం ఇంకొంచెం పెరుగుతుంది. యూరప్ సూత్రాన్ని అలాగే తెచ్చి రాయలసీమ కుటుంబాల మీద వేస్తే జన్యువుల వాటా అసలుకంటే తక్కువగా, ఇంటి వాటా ఎక్కువగా కనిపిస్తుంది.

కోలార్ జంటలో ఒకడు | సోమవారం ఉదయం 7:45

నేను ఐడెంటికల్ కవలని. వయసు 41. లెక్కలు మీరు చూసుకోండి, లోపలి సంగతి నేను చెప్తాను.

మా ఇద్దరికీ ఏడో తరగతిలో ఒకే నెలలో కళ్లజోడు వచ్చింది. పన్ను నొప్పి వచ్చినా ఒకే వైపు. గొంతు ఒకటే, ఇప్పటికీ మా ఆవిడ ఫోన్లో వాడిని నేననుకుని పాలు తెమ్మంటుంది. కానీ వాడు కుప్పంలో టీచరు, రోజుకి ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాడు. నేను పదిహేనేళ్లుగా ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కూర్చుని ఉన్నాను. నాకు 38కే షుగర్ వచ్చింది, వాడికి లేదు. వాడికంటే పద్నాలుగు కిలోలు బరువున్నాను. డాక్టరు "వంశంలో ఉందా" అని అడిగినప్పుడల్లా నా వంశం కుప్పంలో సైకిల్ తొక్కుతోంది సార్ అంటాను.

ఆధార్ తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర పిల్లాడు భయపడ్డాడు, ఇద్దరి వేలిముద్రలూ ఒకటే అయితే సిస్టమ్ తిప్పి పంపుతుందేమోనని. ఏమీ కాలేదు. ఐడెంటికల్ కవలలకి కూడా వేలిముద్రలు వేరు. కడుపులో మూడు నాలుగు నెలలప్పుడు ఒకడు ఎటు తిరిగి పడుకున్నాడు, వేలు దేనికి ఆనింది, అలాంటి చిన్న చిన్న వాటితో గీతలు మారిపోతాయట. ఫేస్ లాక్ మాత్రం మా తమ్ముడి మొహానికి తెరుచుకుంటుంది, నా ఫోన్‌లో ఇప్పుడు పిన్ పెట్టుకున్నాను.

అమ్మా, ఒక విన్నపం. "చూడు, తమ్ముడు ఎంత బాగా మాట్లాడుతున్నాడో" అని పెద్దోడి ముందు అనొద్దు. మాకు చిన్నప్పుడు రోజూ పడిన దెబ్బ అదే.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | సోమవారం ఉదయం 9:58

ట్రాఫిక్‌లో కూర్చుని మొత్తం చదివాను, ఇంకా ఇబ్లూర్ దాటలేదు. నాకో సందేహం. ఆలస్యమైన పిల్లల్లో 73 శాతం జన్యువులే అంటే థెరపీకి డబ్బులు పోయడం ఎందుకు? రాసిపెట్టింది మారదు కదా.

లెక్కల మాస్టారు | సోమవారం ఉదయం 11:30

నాయనా, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని రాత్రి నుంచి కాచుకుని ఉన్నాను.

కళ్లజోడునే తీసుకో. మైనస్ పవర్‌లో కవలల అధ్యయనాలు జన్యువుల వాటా 80 శాతం పైనే చూపించాయి. అయినా తూర్పు ఆసియా నగరాల్లో ఒక్క తరంలో కళ్లజోళ్ల పిల్లలు విపరీతంగా పెరిగిపోయారు. ఒక తరంలో జన్యువులు మారవు. మారింది పిల్లలు ఎండలో గడిపే సమయం, పుస్తకానికీ కంటికీ మధ్య దూరం. మరి 80 శాతం అబద్ధమా? కాదు. అందరూ ఒకేలా గదుల్లో కూర్చుంటే, వాళ్లలో ఎవరికి ఎక్కువ పవర్ వస్తుందన్న తేడా జన్యువులది. అందర్నీ మైదానంలోకి తోలితే మొత్తం వరుసే కిందికి దిగుతుంది. కారణం జన్యువు అయినంత మాత్రాన మందు లేదని కాదు. కళ్లజోడు ఏ జన్యువునీ మార్చలేదు, అయినా కోలార్ ఆయన ఏడో తరగతి నుంచి బోర్డు చదివాడు కదా.

రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే పెంపకం పార్టీవాళ్లు సంబరపడతారు. 1929లో అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్, హెలెన్ థాంప్సన్ ఒక ఐడెంటికల్ ఆడపిల్లల జంటతో ఒక పని చేశారు. ఒక పాపకి 46 వారాల వయసు నుంచి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పించారు. రెండో పాపని ముట్టుకోలేదు. 53 వారాలకి రెండో పాపకి మొదలుపెట్టారు, రెండే వారాలు. ఆ పాప ఇట్టే అందుకుంది. వయసు రాకముందు తోమినదానికి అంత ఫలం దక్కలేదు. ఒక్క జంట, కాబట్టి దాని మీద సిద్ధాంతాలు కట్టడం నాకిష్టం లేదు. కానీ మూడేళ్ల పిల్లలకి కోచింగ్ బోర్డులు చూసినప్పుడల్లా ఆ మెట్ల దగ్గర పాప గుర్తొస్తుంది.

మాటల టీచర్ | సోమవారం మధ్యాహ్నం 12:40

మాటలు మెట్లలాంటివి కావు మాస్టారూ. మెట్లు దానంతట అదే ఎక్కిన పిల్ల ఉంటుంది, ఎవరూ మాట్లాడకుండా మాటలు నేర్చిన పిల్ల ఉండదు.

కవలలమ్మ గారూ, ముద్దాయి అన్నారు కదా, దాని మీద ఒకటి. ఆటిజం గురించి ఒకప్పుడు డాక్టర్లే "అమ్మ ముద్దుచేయక, మంచుగడ్డలా ఉండటం వల్ల వచ్చింది" అని రాసేవాళ్లు. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటల్ని చూశారు. 11 ఐడెంటికల్ జంటల్లో నాలుగింట్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. 10 ఫ్రాటర్నల్ జంటల్లో ఒక్కదాంట్లోనూ అలా ఇద్దరికీ లేదు. చాలా చిన్న అధ్యయనం. కానీ అమ్మల మీద వేసిన నిందకి గట్టి దెబ్బ తగిలింది అక్కడే. మీవాడికి ఆటిజం అని అనడం లేదు, కంగారు పడకండి. కవలల పరిశోధన ఒక్కోసారి అమ్మని బోనులోంచి దించింది కూడా అని చెప్తున్నాను.

కేఆర్‌పురం కవలలమ్మ | సోమవారం రాత్రి 10:05

టీచర్ గారి మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి వెళ్లి గిన్నెలు కడిగాడు. గురువారం వినికిడి పరీక్షకి అపాయింట్‌మెంట్ దొరికింది.

కేఆర్‌పురం కవలలమ్మ | నాలుగు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:30

అందరూ అడుగుతున్నారు కాబట్టి కబురు చెప్తున్నాను.

వినికిడి రెండు చెవుల్లోనూ బాగుంది. వారానికి రెండుసార్లు థెరపీ మొదలైంది. పనమ్మాయిని అడిగితే వాడు ఆమె దగ్గర కన్నడలో "బా" (రా), "అన్న" (అన్నం), "బేడ" (వద్దు) అంటాడట, నా లెక్కలో మూడూ లేవు.

డీఎన్‌ఏ పరీక్ష మొదట వద్దనుకున్నాం, ఆ డబ్బు థెరపీకి వస్తుంది కదా అని. మా తమ్ముడే పట్టుబట్టి కట్టాడు, "నా మీద పడ్డ నింద, నేనే తేల్చుకుంటా" అని. నిన్న రిపోర్టు వచ్చింది. ఐడెంటికల్. రెండేళ్లుగా కాదని నమ్మాం! అత్తగారికి చెప్పాను, ఇద్దరిదీ ఒకే రక్తం ఒకే జన్యువులు, మా పుట్టింటి పోలికైతే చిన్నోడికి కూడా రావాలి కదా అత్తయ్యా అని. ఆవిడ కాసేపు ఆలోచించి "చిన్నోడు మావైపు వచ్చాడు" అన్నారు.

మాస్టారూ, ఇప్పుడు నేనన్నది సరేనా?

లెక్కల మాస్టారు | ఆదివారం రాత్రి 7:15

సగం సరే. వాళ్లిద్దరి మధ్య తేడాకి వంశం కారణం కాదు, ఇది ఖాయం. కానీ ఆలస్యం వైపు నెట్టే జన్యువులు ఇద్దరికీ ఉండి, ఒకడు దాటి ఒకడు ఆగాడేమో, అది ఈ రిపోర్టు చెప్పదు. టీచర్ గారి లెక్కలో ఐడెంటికల్ జంటల్లో ఒకరు వెనకబడితే రెండోవాళ్లూ వెనకబడటం 81 శాతం, నీవాళ్లు మిగతా 19లో పడ్డారు. అంతవరకే.

మీ అత్తగారితో వాదించకు. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, అలాంటి జవాబుకి ఎదురు జవాబు లేదు.

హెబ్బాళ్ ల్యాబ్ పిల్ల | ఆదివారం రాత్రి 7:50

"ఒకే జన్యువులు" అన్నది కూడా పూర్తిగా నిజం కాదక్కా. 2021లో ఐస్‌లాండ్‌లో చూస్తే ఐడెంటికల్ కవలల మధ్య పిండదశలోనే వచ్చిన డీఎన్‌ఏ మార్పులు సగటున 5.2 దాకా తేలాయి. వాటి వల్లే మాటలు ఆలస్యమయ్యాయని అనుకోవద్దు, ఎక్కువ శాతం మార్పులు ఏమీ చేయవు. కడుపులో ఎవరికి రక్తం ఎంత అందింది, ఎవరికి ఎప్పుడు జలుబు చేసింది, ఏ రోజు ఎవరు నిద్రలో ఉండగా అమ్మ కథ చెప్పింది, ఇవన్నీ కలిపి మావాళ్లు "ఉమ్మడి కాని వాతావరణం" అంటారు. మాకు తెలియదు అనడానికి పెట్టుకున్న పెద్దమనిషి పేరు అది.

కేఆర్‌పురం కవలలమ్మ | ఆదివారం రాత్రి 9:40

ఇప్పుడే జరిగింది, రాయకుండా ఉండలేకపోతున్నాను. పడుకునే ముందు గ్లాసు పట్టుకెళ్లాను. చిన్నోడు తాగేశాడు. పెద్దోడు గ్లాసుని రెండు చేతులతో వెనక్కి నెట్టి నా మొహం చూసి "పాలు బేడ" అన్నాడు. ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడ! అత్తగారు పక్క గదిలోంచి "మా ఇంట్లో ఎవరూ బేడ అనలేదు" అంటున్నారు.

మాటల టీచర్ | ఆదివారం రాత్రి 9:52

రెండు మాటలు కలిపాడు! ఏ భాషైనా లెక్కే. తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి, ఎవరితో అన్నాడు, ఎప్పుడు అన్నాడు కూడా. మంగళవారం సిట్టింగ్‌కి ఆ పుస్తకం పట్టుకెళ్లండి. ఇవాళ పాలు తాగకపోయినా పర్వాలేదు, వద్దన్నాడు కదా, గ్లాసు తీసేయండి.